సెకండ్ హ్యాండ్ స్విఫ్టా, టియాగోనా? హైదరాబాద్‌లో కొనేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మెకానిక్‌ని కాదు. కాకపోతే మా చుట్టాల్లో గానీ, కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్లో గానీ ఎవరు సెకండ్స్‌లో కారు కొనబోయినా నన్ను వెంటబెట్టుకెళ్లడం అలవాటైపోయింది. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో రెండు ఫొటోలు వస్తాయి. కింద ఒకటే ప్రశ్న: "రెండిట్లో ఏది?" ఈమధ్య ఆ ఫొటోల్లో ఎక్కువగా కనిపిస్తున్నవి 2018 ప్రాంతపు మారుతి స్విఫ్ట్, టాటా టియాగో. అడిగేవాళ్లు మారుతున్నారు, సందేహాలు మారడం లేదు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రత్యేకంగా చెప్పని చోట అంకెలన్నీ పెట్రోల్, మాన్యువల్ గేరు బండ్లవి.

## ఏ రెండిటిని పోల్చాలో తేల్చుకునేటప్పుడు

స్విఫ్ట్, టియాగో అసలు ఒక తరగతి బండ్లేనా? పోల్చడం కరెక్టేనా?

షోరూమ్‌లో అయితే కాదు. కొత్తగా ఉన్నప్పుడు టియాగో ఒక మెట్టు కింది ధరలో ఉండేది. సెకండ్స్‌లో లెక్క వేరు. స్విఫ్ట్ ధర త్వరగా దిగదు. అందుకే అదే డబ్బుకి టియాగో అయితే ఒకటి రెండేళ్లు కొత్తది దొరుకుతుంది, లేదా పై వేరియంట్ వస్తుంది. కాబట్టి మీ ముందున్న అసలు ప్రశ్న "స్విఫ్టా టియాగోనా" కాదు, "కొంచెం పాత స్విఫ్టా, కొంచెం కొత్త టియాగోనా" అని. బడ్జెట్ ఒకటే అయినప్పుడు పోల్చడంలో తప్పేమీ లేదు.

సైట్లో రెండు బండ్ల స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టి చూశాను. అది చాలదా?

ఆ పట్టికలో ఉన్నది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు బండి. మీరు కొనేది ఆరేడేళ్లు అమీర్‌పేట ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కించుకున్న బండి. నేను చేసే పని ఇది: ముందు స్విఫ్ట్‌ని స్విఫ్ట్ పట్టికతోనే పోలుస్తాను, టియాగోని టియాగో పట్టికతోనే. ఏది తన కొత్త రోజులకు ఎంత దూరం జరిగిందో చూస్తాను. ఆ తర్వాతే ఒకదానితో ఒకటి. కాగితం మీద ఓడిపోయిన బండి ఈ పద్ధతిలో గెలిచిన సందర్భాలు చాలా చూశాను.

"2018 స్విఫ్ట్" అని యాడ్‌లో ఉంది. ఏ మోడలో ఎలా తెలుస్తుంది?

కొత్త ఆకారం స్విఫ్ట్ 2018 ఫిబ్రవరిలో వచ్చింది. 2017 చివర్లో తయారై 2018లో రిజిస్టర్ అయిన పాత ఆకారం బండ్లూ ఉన్నాయి. వాటికీ 2018 అనే చెబుతారు, అబద్ధం కూడా కాదు. కానీ పాతదాని బరువు 965 కిలోలు, కొత్తది సుమారు 860. పాతదాని డిక్కీ 204 లీటర్లు, కొత్తది 268. అంటే పేరొక్కటే, బండ్లు రెండు. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అవి చూడండి. 2021 ఫిబ్రవరి తర్వాతి స్విఫ్ట్ అయితే ఇంజిన్ కూడా మారింది, 90 పీఎస్ పవర్. టియాగో 2016లో వచ్చింది, 2020 జనవరిలో ముఖం మారి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) అయింది.

డీజిల్ తీసుకోమంటున్నారు మా మామయ్య. వినాలా?

నెలకి రెండు వేల కిలోమీటర్లు దాటితే వినండి. ఊళ్లో ఆఫీసుకి వెళ్లిరావడానికైతే వద్దు. ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడి బండ్లు చవగ్గా ఇటు వస్తుంటాయి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి.

## అంకెలు చదివేటప్పుడు

స్విఫ్ట్ పవర్ ఒకచోట 82 అని, ఇంకోచోట 83 అని ఉంది. ఏది నిజం?

రెండూ. 82 బీహెచ్‌పీ, 83 పీఎస్ ఒకటే. ఒక పీఎస్ అంటే 0.986 బీహెచ్‌పీ. రెండు బండ్లకీ ఒకే కొలమానంలో అంకె తీసుకున్నారో లేదో చూసుకుంటే చాలు.

రెండూ 1.2 పెట్రోలే, పవర్ కూడా ఇంచుమించు అంతే. మరి స్విఫ్ట్ ఎందుకు అంత చురుగ్గా ఉంటుంది?

బరువు వల్ల. స్విఫ్ట్ 83 పీఎస్, టియాగో 85 పీఎస్. కాగితం మీద టియాగోదే పైచేయి. కానీ స్విఫ్ట్ బరువు సుమారు 860 కిలోలైతే టియాగో సుమారు 1010. నూటయాభై కిలోల తేడా అంటే టియాగో ఎప్పుడూ ఇద్దరు మనుషుల్ని అదనంగా ఎక్కించుకుని తిరుగుతున్నట్టే. టన్నుకి ఎంత పవర్ అని లెక్కేస్తే స్విఫ్ట్‌కి 96 చిల్లర, టియాగోకి 84. ఇదీ మీ కాలికి తెలిసే తేడా.

అయితే ఇక్కడ ఇంకో సంగతి ఉంది. మీరు ఒక్కరే నడిపితే ఆ తేడా పూర్తిగా తెలుస్తుంది. నలుగురు ఎక్కితే, మనిషికి 70 కిలోల చొప్పున, స్విఫ్ట్ 73కి దిగుతుంది, టియాగో 66కి. తేడా పన్నెండు నుంచి ఏడుకి వచ్చింది. కుటుంబంతో యాదగిరిగుట్ట వెళ్లే బండికి ఒంటరిగా చేసిన టెస్ట్ డ్రైవ్ పూర్తి నిజం చెప్పదు.

టార్క్, అంటే ఇంజిన్ చక్రాన్ని తిప్పే బలం, కూడా చూడండి. స్విఫ్ట్‌కి 113 ఎన్ఎం 4200 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, టియాగోకి 114 ఎన్ఎం 3500 దగ్గరే. అంటే టియాగో ఇంజిన్‌ని అంతగా పరుగెత్తించక్కర్లేదు. బరువు వల్ల పోయినదాన్ని కొంత ఇక్కడ రాబట్టుకుంటుంది. పంజాగుట్ట నుంచి ఖైరతాబాద్ దాకా రెండో గేరులో జరిగే ప్రయాణంలో నాకు రెండిటికీ పెద్ద తేడా అనిపించలేదు. ఓఆర్‌ఆర్ ఎక్కాక స్విఫ్ట్ ముందుకెళ్లిపోయింది. ఇంకొక విషయం, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి టర్బో లేని ఏ ఇంజిన్ అయినా తీరప్రాంతంలో కన్నా ఇక్కడ కాస్త తగ్గే ఉంటుంది. రెండిటికీ ఒకేలా తగ్గుతుంది, టెన్షన్ పడక్కర్లేదు.

టియాగో స్టార్ట్ చేస్తే స్టీరింగ్ వణుకుతోంది. ఇంజిన్ పోయిందా?

దానిది మూడు సిలిండర్ల ఇంజిన్, స్విఫ్ట్‌ది నాలుగు. ఆగి ఉన్నప్పుడు కొంచెం వణకడం దాని స్వభావం. కాస్త రేస్ చేస్తే వణుకు సర్దుకోవాలి. ఏసీ వేసినప్పుడు డాష్‌బోర్డు గిలకలా మోగితే మాత్రం ఇంజిన్ మౌంట్లు అరిగినట్టు. అది రిపేర్ అయ్యేదే, ధరలో తగ్గించమని అడగొచ్చు.

కంపెనీ మైలేజీ 22 అంటే ఇక్కడ ఎంతొస్తుంది?

స్విఫ్ట్‌కి ఏఆర్ఏఐ (బండ్లని పరీక్షించి సర్టిఫై చేసే సంస్థ) చెప్పిన 22 కిలోమీటర్లు రోలర్ల మీద, ఏసీ ఆపి, నిర్ణీత వేగాల్లో కొలిచిన అంకె. అందులో సైబర్ టవర్స్ సిగ్నల్ లేదు. మా ఇంట్లో స్విఫ్ట్‌కి కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి ఆఫీసు టైములో 13, 14 వస్తుంది. ఆదివారం అదే రోడ్డులో 17 దాటుతుంది. టియాగోకి దాదాపు ఒకటి, ఒకటిన్నర తక్కువ అనుకోండి. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో లీటరుకి పెట్రోల్ కన్నా దాదాపు మూడో వంతు శక్తి తక్కువ. అందుకే 2018లో ఎవరో రాసిన రివ్యూలోని మైలేజీ ఇప్పుడు ఏ బండికీ రాదు.

టియాగో గ్రౌండ్ క్లియరెన్స్ 170, స్విఫ్ట్ 163. మా సెల్లార్ ర్యాంపుకి ఈ ఏడు మిల్లీమీటర్లు లెక్కకి వస్తాయా?

వస్తాయి, కానీ మీరనుకున్న దారిలో కాదు. మన అపార్ట్‌మెంట్ల సెల్లార్ ర్యాంపుల్లో బండి రెండు చోట్ల తగులుతుంది. ర్యాంపు మొదలయ్యే చోట ముందు బంపర్ కింది అంచు, పైన సమంగా అయ్యే చోట బండి మధ్య భాగం. మధ్య భాగం తగలడం గ్రౌండ్ క్లియరెన్స్‌తో పాటు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం మీద కూడా ఆధారపడుతుంది. స్విఫ్ట్‌కి అది 2450 మిల్లీమీటర్లు, టియాగోకి 2400. అంటే టియాగోకి ఇక్కడ రెండు వైపులా లాభం.

పాత బండిలో స్ప్రింగులు కుంగి ఉంటే మాత్రం ఆ ఏడు మిల్లీమీటర్లు ఎప్పుడో పోయి ఉంటాయి. చిన్న టేపు జేబులో పెట్టుకెళ్లండి. సమంగా ఉన్న నేల మీద నేల నుంచి చక్రం పైన ఉన్న బాడీ అంచు దాకా నాలుగు చోట్లా కొలవండి. ఎడమకీ కుడికీ సెంటీమీటరు తేడా ఉంటే ఆ పక్క స్ప్రింగో, పాత యాక్సిడెంటో ఏదో ఉంది. ఫోను కెమెరా కిందకి పెట్టి ఆయిల్ సంప్ గీసుకుపోయిందేమో కూడా చూడండి. సెల్లార్‌లో తగిలే బండికి అక్కడే సాక్ష్యం ఉంటుంది. వీలైతే ముగ్గురిని ఎక్కించుకుని మీ సెల్లార్‌లోకే ఒకసారి దింపి చూడటం అన్నిటికన్నా మేలు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఎందుకో అడగండి.

టియాగోకి 4 స్టార్లు, స్విఫ్ట్‌కి 2 స్టార్లు అంటున్నారు. ఇంకేం ఆలోచించాలి?

కార్లని గుద్దించి భద్రతకి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2018లో పరీక్షించిన స్విఫ్ట్‌కి 2 స్టార్లు, 2020 జనవరిలో ఫలితం వచ్చిన టియాగోకి పెద్దల రక్షణలో 4, పిల్లల రక్షణలో 3 వచ్చాయి. రెండూ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గుద్దించిన పరీక్షలే. అది నిజమైన తేడా. నేను దాన్ని తక్కువ చేయను. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకి నా ఓటు అందుకే టియాగోకి.

కానీ సెకండ్స్‌లో ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. పరీక్షకి పెట్టిన టియాగోలో రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి. 2020కి ముందు అమ్మిన టియాగోల్లో కింది వేరియంట్లకి ఎయిర్‌బ్యాగులు లేనివి చాలా ఉన్నాయి. ఎయిర్‌బ్యాగులు లేని 2017 ఎక్స్‌ఎం వేరియంట్ కొని "మాది ఫోర్ స్టార్" అనుకుంటే అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. 2018 కొత్త ఆకారం స్విఫ్ట్‌కి మాత్రం అన్ని వేరియంట్లలో రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్నాయి. కాబట్టి టియాగో అయితే పై వేరియంట్ ఎక్స్‌జెడ్, లేదా 2020 తర్వాతది చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా ఆ బండి వదిలేయండి. ముందు భాగం గుద్దుకుని టింకరింగ్ అయిన బండికి ఏ స్టార్లూ వర్తించవు.

డిక్కీ, ట్యాంకు, మలుపు తిరగడం?

డిక్కీ స్విఫ్ట్‌ది 268 లీటర్లు, టియాగోది 242. ట్యాంకు 37, 35. తిరగడానికి కావాల్సిన రేడియస్ 4.8 మీటర్లు, 4.9. పాతబస్తీ గల్లీల్లో రెండూ హాయిగా తిరుగుతాయి. వీటి కోసం నిర్ణయం మార్చుకోకండి.

## బండి దగ్గరికి వెళ్లాక

మీటర్ 48,000 చూపిస్తోంది. నమ్మొచ్చా?

మీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 1819 అని ఉంటే 2019లో 18వ వారం తయారైనదని అర్థం. 2018 బండికి 48,000లో నాలుగు టైర్లూ ఒకసారి మారి, ఆ మారినవి కూడా అరిగిపోయి ఉంటే లెక్క కుదరదు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ పట్టుకునే చోట మెరుపు, డ్రైవర్ సీటు బయటి అంచు కూడా వయసు చెబుతాయి. "షోరూమ్ ట్రాక్ ఉంది సార్" అంటే సర్వీసు రికార్డు చూపించమనండి. అందులో ప్రతిసారీ రాసిన కిలోమీటర్లు వరుసగా పెరిగాయా, మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉందా చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిముల కాగితాల్లో కూడా అప్పటి మీటర్ రీడింగ్ కనిపించొచ్చు.

2020 వరదల్లో మునిగిన బండి కాదని ఎలా తెలుసుకోవాలి?

2018, 2019 బండ్లు చూసేవాళ్లు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. 2020 అక్టోబర్ 13 రాత్రి వానకి టోలీచౌకి నదీమ్ కాలనీ, ఫలక్‌నుమా, మీర్‌పేట, సరూర్‌నగర్ వైపు కార్లు నీళ్లలో తేలాయి. సెల్లార్లలో నిలిపినవి పైకప్పు దాకా మునిగాయి. అవన్నీ తుక్కు కాలేదు. కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మళ్లీ రోడ్డెక్కినవి ఉన్నాయి.

సీటు బెల్టుని చివరిదాకా లాగండి. బయట ఉండే భాగం శుభ్రంగా, లోపల చుట్టుకుని ఉండే భాగం మట్టిరంగులో ఉంటే సందేహం మొదలవ్వాలి. స్టెప్నీ తీసి దాని గుంట చూడండి. ముందు సీట్ల కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా చూడండి. మామూలుగా అక్కడికి నీళ్లు చేరవు. హెడ్‌లైటు లోపల నీటి చారలు, కార్పెట్ ఎత్తితే ఎండిన బురద, ఏసీ వేయగానే ముక్కిన వాసన కూడా గుర్తులే. మా పెదనాన్న కొడుకు సెకండ్స్ బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో చూసిన బండి లోపల అగరుబత్తి వాసన గుప్పుమంది. "పొద్దున పూజ చేశాం సార్" అన్నాడు అమ్మేవాడు. కార్పెట్ కింద చేయి పెడితే వేలికి నల్లటి ఒండ్రు అంటింది. మునిగిన బండిలో ఇంజిన్ కన్నా వైరింగ్ ప్రమాదం. ఒకరోజు హారన్, ఇంకోరోజు పవర్ విండో, మరోరోజు ఏబీఎస్ సెన్సర్, అలా పోతూనే ఉంటాయి.

రీపెయింట్ చేసిన బండి వద్దంటారా?

బంపర్లు, డోరు మీద గీతలు మన ఊళ్లో మామూలే. పట్టించుకోకండి. బోనెట్ కింద ఉండే బోల్టుల మీద పానా పడిన గుర్తులు, డిక్కీ అంచుల్లో చేత్తో పెట్టిన సీలెంట్ కనిపిస్తే మాత్రం పెద్ద దెబ్బే తగిలింది.

ఓబీడీ స్కానర్ కొంటే ఉపయోగమా?

చాలా. బండి కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న లోపాల్ని చదివే పరికరం అది. బ్లూటూత్ స్కానర్ చవగ్గానే దొరుకుతుంది, స్టీరింగ్ కింద సాకెట్‌కి తగిలించి ఫోనులో చూడొచ్చు. నేను మూడు చూస్తాను. ఫాల్ట్ కోడ్లు ఏమైనా ఉన్నాయా. కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ వేడెక్కాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (పెట్రోల్ పాళ్లని కంప్యూటర్ ఎంత సర్దుతోందో చెప్పే అంకె) పది శాతం దాటిందా. రెండోది అందరూ మర్చిపోతారు. కోడ్ ఒక్కటీ లేదు, కానీ చెరిపి నాలుగు కిలోమీటర్లే అయింది అంటే, మీరు వస్తున్నారని తెలిసి ఎవరో ఆ ఉదయమే చెరిపారు.

ఒకదానికి అల్లాయ్స్, వెడల్పు టైర్లు ఉన్నాయి. ప్లస్సేనా?

నా లెక్కలో సున్నా. కంపెనీ సైజు కన్నా పెద్దవి వేస్తే పికప్, మైలేజీ తగ్గుతాయి. చక్రం చుట్టుకొలత పెరిగితే మీటర్ కూడా అసలు తిరిగినదానికన్నా తక్కువ చూపిస్తుంది. స్విఫ్ట్ వీఎక్స్ఐకి కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14, జెడ్ఎక్స్ఐకి 185/65 ఆర్15.

## నడిపి చూసేటప్పుడు

రెండు బండ్లు వేర్వేరు రోజుల్లో నడిపితే పోల్చేదెలా?

అన్నీ ఒకేలా పెట్టుకోవాలి. ఒకే రోడ్డు, ఒకే టైము, ఎక్కే మనుషులు వాళ్లే, ఏసీ రెండిట్లోనూ రెండో పాయింట్‌లో, టైర్లలో గాలి ముందే సరిచేసి. మేము ఆదివారం ఉదయం ఆరింటికి నార్సింగి వైపు సర్వీసు రోడ్డుకి వెళ్తాం. మూడో గేరులో 20 వేగంతో వెళ్తూ, 50కి చేరేదాకా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాలి. పక్కనున్నవాళ్లు ఫోనులో టైము చూస్తారు. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు, సగటు రాసుకోవాలి. సున్నా నుంచి వంద పరీక్షలు సినిమా వేషాలు, అవి మీ క్లచ్ కాలి నైపుణ్యాన్ని కొలుస్తాయి. మూడో గేరు పరీక్షలో ఇంజిన్ ఒక్కటే మాట్లాడుతుంది.

బాగున్న స్విఫ్ట్ బాగున్న టియాగో కన్నా కొద్దిగా ముందుండాలి. మీ స్విఫ్ట్ వెనకబడితే అది మోడల్ తప్పు కాదు, ఆ బండి తప్పు. ఇంజెక్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, పట్టేసిన బ్రేకులు, జారే క్లచ్, ఏదైనా కావచ్చు. పోయినేడు మా కింది ఫ్లాట్ ఆయన కోసం ఇలాగే చూస్తే 62,000 తిరిగిన టియాగో 41,000 తిరిగిన స్విఫ్ట్‌ని ఓడించింది. ఆయన టియాగోనే కొన్నారు, వాళ్లావిడకి స్విఫ్టే ఇష్టమైనా.

తర్వాత ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కించండి, ఏసీ వేసి, రెండో గేరులో. మూడోది గుంతల రోడ్డు, మెల్లగా, అద్దాలు దించి, పాటలు ఆపి. సస్పెన్షన్ చప్పుడు అప్పుడే వినపడుతుంది.

ఒక్క షరతు ముందే ఫోనులో చెప్పండి: "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అన్నా." వెళ్లగానే బోనెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే చల్లని ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీకు చూపించడం ఇష్టం లేదని అర్థం.

క్లచ్ ప్లేట్ ఎంత మిగిలిందో తెలుస్తుందా?

నాలుగో గేరులో 40 వేగంతో వెళ్తూ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు లేచి, వేగం మెల్లగా పెరిగితే ప్లేట్ జారుతోంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఎత్తుల్లో రోజూ హాఫ్ క్లచ్ మీద ఆగే బండ్లకి ఇది 40 వేలకే రావచ్చు, హైవే బండికి లక్ష దాటొచ్చు. పాత ఓనర్ ఇల్లు ఎక్కడ, ఆఫీసు ఎక్కడ అని అడిగితే సగం జవాబు దొరికినట్టే.

ఆటోమేటిక్ వేరియంట్లు పోలుస్తున్నాను. ఏం చూడాలి?

రెండూ ఏఎంటీలే, అంటే లోపల మామూలు గేరు బాక్సూ క్లచ్చే, తొక్కేది మాత్రం యంత్రం. మామూలు క్లచ్‌లాగే అరుగుతుంది. ట్రాఫిక్‌లో మెల్లగా పాకేటప్పుడు కుదుపు, ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు ఆగి ఆగి వెళ్లడం చూడండి. కొంత కుదుపు కొత్తదానికీ ఉంటుంది. అందుకే ఒకే మోడల్ ఏఎంటీని ఇంకొకటి నడిపాక తీర్పు చెప్పండి.

ఏసీ టెస్ట్?

మధ్యాహ్నం, ఎండలో, బండి ఆపి ఉంచి పది నిమిషాలు. ఆగి ఉన్నప్పుడు చల్లదనం తగ్గి, కదిలితే పెరుగుతుంటే కండెన్సర్ ఫ్యాన్ చూపించాలి. "ఏసీ వేస్తే మైలేజీ పడిపోద్ది సార్, వద్దు" అనే అమ్మేవాడి దగ్గర తప్పకుండా వేయండి.

## ధర, కాగితాలు

స్విఫ్ట్‌కి అరవై వేలు ఎక్కువ చెబుతున్నారు. మైలేజీలో తిరిగొస్తుంది కదా?

లెక్కేద్దాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు. స్విఫ్ట్ 15 ఇస్తే 66.7 లీటర్లు, టియాగో 13.5 ఇస్తే 74 లీటర్లు. తేడా ఏడు లీటర్ల చిల్లర. లీటరు 107 రూపాయలు అనుకుంటే నెలకి దాదాపు 800. అరవై వేలు తిరిగిరావడానికి ఆరేళ్లు దాటుతుంది. మైలేజీ పేరు చెప్పి అంత పెట్టొద్దు. మళ్లీ అమ్మేటప్పుడు స్విఫ్ట్‌కి ఆ ఎక్కువలో కొంత తిరిగొస్తుంది, అది వేరే సంగతి. రెండు మూడేళ్లలో మార్చేసేవాళ్లకి ఆ వాదన నప్పుతుంది. రెండు బండ్లలో ఒకదానికి నాలుగు టైర్లు, బ్యాటరీ, క్లచ్ మార్చే సమయం దగ్గర పడిందంటే ముందు ఆ ఖర్చు ధరకి కలిపి అప్పుడు పోల్చండి.

ఏపీ 39 నంబర్ బండి చవగ్గా వస్తోంది. తీసుకోవచ్చా?

ఏపీ 39 అంటే 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరైన బండి, తెలంగాణకి వేరే రాష్ట్రం బండే. అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, అంటే ఫారం 28. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. 12 నెలలకి మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి. ట్యాక్స్ ఎంతో ముందే ఆర్టీఏలో కనుక్కుని ధరకి కలపండి. ఏపీ 09, ఏపీ 28 లాంటి పాత నంబర్లతో దీన్ని కలపొద్దు. అవి 2014 జూన్‌కి ముందు హైదరాబాద్, రంగారెడ్డిలో ఇచ్చినవి.

టీఎస్ ప్లేటుని టీజీగా మార్చుకోవాలా?

అక్కర్లేదు. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకే టీజీ.

పేరు మార్పించుకోవడానికి ఏమేం కావాలి?

ఫారం 29, ఫారం 30, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, కాలుష్యం సర్టిఫికెట్, ఇద్దరి గుర్తింపు కాగితాలు. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35. "లోన్ కట్టేశాం సార్" అన్నా ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) ఉందంటే తీయించాకే పూర్తి డబ్బు ఇవ్వండి. రాష్ట్రంలోపలైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి "మీ వీలు చూసుకుని మార్పించుకోండి" అంటే మొహమాటపడకండి. స్లాట్ బుక్ అయ్యాకే తాళాలు. పెండింగ్ చలాన్లు బండి నంబర్‌తో ఆన్‌లైన్‌లో చూసి, అవి కట్టించాకే లెక్క ముగించండి.

ఓనర్ గారికి 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉందట. మాకొస్తుందా?

రాదు. అది మనిషిది, బండిది కాదు. ఆయన దాన్ని తన కొత్త బండికి తీసుకెళ్తారు. పాలసీని 14 రోజుల్లో మీ పేరుకి మార్చమని కంపెనీకి రాయండి. ఆ బోనస్ మేరకు తేడా డబ్బు మీరు కట్టాల్సి వస్తుంది.

బయానా ఎంత ఇవ్వాలి?

మీరు మర్చిపోగలిగినంత. నేను ఐదు వేలు దాటనివ్వను. మెకానిక్ చూసి కాదంటే తిరిగివ్వాలని వాట్సాప్‌లో రాయించుకుంటాను.

## కొన్నాక

కొన్న వారంలో ఏం మార్పించాలి?

ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, బ్రేక్ ఆయిల్. "మొన్ననే మార్పించాం" అన్నా సరే. కూలెంట్ రంగు చూసి మార్చండి. రెండు బండ్లకీ సామాన్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి, స్విఫ్ట్‌వైతే గల్లీ షాపులోనూ దొరుకుతాయి. ఫాస్టాగ్ పాత ఓనర్ మూసేశాక కొత్తది తీసుకోండి.

అమ్మినాయన 18 వస్తుందన్నాడు, నాకు 12 చూపిస్తోంది. మోసపోయానా?

స్క్రీన్ మీది అంకెని పక్కనపెట్టి ట్యాంకు పద్ధతిలో కొలవండి. ఒకే బంకులో, అదే పంపు దగ్గర, ఆటో కట్ అయ్యేదాకా నింపి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అలాగే నింపి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించండి. రెండుసార్లు అలా చేసినా 12 దగ్గరే ఉంటే టైర్లలో గాలి, పట్టేస్తున్న బ్రేకులు, ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత ఆక్సిజన్ సెన్సర్, ఈ వరుసలో చూపించండి. మా ఆఫీసులో ఒకావిడ ఇలాగే కంగారుపడి షోరూమ్ దాకా వెళ్లారు. కారణం హ్యాండ్ బ్రేక్ ఒక పన్ను మీద నిలిచి ఉండటం. డాష్‌బోర్డులో దాని లైటు బల్బు ఎప్పుడో పోయింది.